జాడీకి పళ్ళొచ్చాయి

ఆ వీధిలో ఆమెను అందరూ పళ్ళ పిన్ని అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు మొదటి వారంలో ఒకసారైనా తలుపు తట్టి, "అరటిపళ్ళున్నాయా అండీ?" అని అడిగి, ఆ తరువాత సంగతి తెలిసి నాలుక కరుచుకుంటారు. ఆమె చేసేది నోట్లో పెట్టుకునే పళ్ళు.

పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసి పంపే ల్యాబులో ఇరవై ఆరేళ్ళుగా ఆమెది మూడో బల్ల, కిటికీ పక్కది. పింగాణీ పొడిని చుక్క నీటితో ముద్ద చేసి, సన్నటి కుంచెతో పొర మీద పొర పేర్చి, రేడియో అంత కొలిమిలో పెట్టి కాలుస్తుంది. కాలితే పన్ను కుంచించుకుపోతుంది గనుక ముందే కాస్త పెద్దదిగా కట్టాలి. ఎంత పెద్దదిగా కట్టాలో పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం ఆమె తెరవగా చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఎవరైనా తళతళలాడే తెల్లటి పన్ను కావాలని అడిగితే ఒంటికాలి మీద లేస్తుంది. "సున్నం కొట్టిన గోడలా ఉంటుందండీ. మనిషి పన్నంటే కొంచెం టీ రంగుండాలి, కొంచెం కోపముండాలి" అంటుంది. పన్నులో కోపం ఎక్కడుంటుందో డాక్టర్లకు అంతుపట్టదు. ఎందుకొచ్చిన గొడవని తలూపి వెళ్ళిపోతారు.

అలాంటి మనిషికి పాత జాడీల పిచ్చి పట్టడంలో వింతేముంది? అదీ మట్టే, ఇదీ మట్టే. రెండూ నిప్పులోంచి బయటపడ్డవే. అయినా ఆ పిచ్చి పట్టిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఇరవై రెండేళ్ళ కిందట, వానకు తడవకుండా ఒక పాత సామాన్ల దుకాణంలోకి దూరింది. దుకాణం తాతగారు కునికిపాట్లు పడుతున్నాడు. మూలన ఒక గోధుమరంగు కూజా, పొట్టిది, బొద్దుగా ఉంది. దాని పిడి కింద, మెరుపుపూత లోపల, ఒక వేలి గీత కనిపించింది. పూత కారిపోతుంటే కుమ్మరి వేలితో తుడిచిన గీత.

ఆమె తన వేలు తీసుకెళ్ళి ఆ గీతలో పెట్టింది. ఎవరో ఒక మనిషి, తాతల కాలంలో ఎప్పుడో, ఒక పొద్దున పని తొందరలో వేలితో ఇలా అని పక్కన పెట్టేశాడు. ఆ మనిషి లేడు. ఆ పొద్దు లేదు. ఆ "ఇలా" మాత్రం అలాగే ఉంది. ఆమెకు ఒళ్ళు జలదరించింది. వాన వెలిసిన సంగతి తాతగారు లేచి చెబితేగాని తెలియలేదు.

ఇప్పుడు వాళ్ళింట్లో నలభై ఒక్క జాడీలు, కూజాలు, గిన్నెలు ఉన్నాయి. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భర్త సిటీ బస్సు డ్రైవరు. మంచి మనిషే గాని నోరు ఊరుకోదు. "నా బస్సులో ఆఫీసుల వేళ కూడా కాలు పెట్టే జాగా ఉంటుందోయ్. ఇంట్లోనే లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. అలా చెబుతూనే, చేతిసంచి ఏ కూజాకూ తగలకుండా పక్కకు ఒదిగి నడుస్తాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన చేతుల్లో పగిలింది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే మాత్రం సిగ్గుపడిపోతాడు.

ఆ ఇంట్లోకి వసంతం అందరికన్నా ముందు వస్తుంది. వీధిలోకి రాకముందే వస్తుంది. ఎదురుగా ఉన్న పెద్ద భవనం చలికాలం రెండు నెలలూ వాళ్ళ ఎండను మింగేస్తుంది. ఆ తరువాత ఒక రోజు, మధ్యాహ్నం పూట, సూర్యుడు దాని కప్పు అంచు దాటుతాడు. కిటికీ ఎదుటి గోడ మీద, అన్నిటికన్నా పై అరలో ఉన్న కూజా మూతికి బొటనవేలంత ఎండ తగులుతుంది. అంతే, రెండు నిమిషాలు. మరునాటికి ఇంకాస్త కిందికి దిగుతుంది. రోజుకో బెత్తెడు చొప్పున ఎండ అరలు దిగి వస్తుంటే పిన్ని గోడ మీద పెన్సిలుతో గీతలు పెడుతుంది. ఆ రెండు వారాలూ ల్యాబులో మధ్యాహ్నం భోజనం వేళ ఇంటికి పరుగెత్తుకొస్తుంది. భోంచెయ్యడానికి కాదు, చూడటానికి. ఏటా వచ్చేదే కదా, ఏటా అంత నోరు వెళ్ళబెట్టి చూడటమెందుకని భర్త అడిగితే, "ఏటా వస్తుందని మీకెవరు చెప్పారు?" అని ఎదురు అడుగుతుంది. 

పార్కులో తోటపనివాళ్ళు కొమ్మలు కత్తిరించి పడేస్తే నాలుగు ఎండుపుల్లలు ఏరుకొచ్చి కూజాల్లో నీళ్ళు పోసి నిలబెడుతుంది. చూస్తే పొయ్యిలోకి తప్ప పనికిరానివి. వారం తిరిగేసరికి వాటి కణుపులు ఉబ్బుతాయి. ఆ తరువాత గోధుమరంగు పొర చీలి, లోపలినుంచి తడి పచ్చదనం తొంగి చూస్తుంది. ఆ పొద్దున ఆమె భర్తను భుజం పట్టుకుని కుదిపి లేపుతుంది. పాపం, ఆయన బస్సుకు ఆలస్యమైందనుకుని ఉలిక్కిపడి లేస్తాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏటి ఒడ్డున ఒకప్పుడు ఒక జాడీల బట్టీ ఉండేదట. మూతపడి మూడు తరాలైంది. అందులో ఏడుగురు పనిచేసేవారు. ఎవరి గుర్తు వాళ్ళు జాడీకి లోపలివైపు, అడుగున అద్దేవారు. అందరు కుమ్మర్లూ బయట వేసుకునే గుర్తు వీళ్ళు లోపల ఎందుకు వేశారో దుకాణం తాతగారే చెప్పాడు. నిండుగా ఉన్నంతకాలం జాడీ ఇంటివాళ్ళది, ఖాళీ అయినప్పుడే మాది అనేవారట వాళ్ళు. ఆ మాట విన్న రోజున పిన్నికి భోజనం సయించలేదు.

ఆమె దగ్గర ఆరుగురి గుర్తులున్నాయి. చేప, నిచ్చెన, ఆకు, కొడవలి, మూడు చుక్కలు, గుండ్రం. ఏడోవాడి గుర్తు ఏమిటో ఆమెకు తెలియదు. తాతగారికీ తెలియదు. ఏడోవాడు మూతి కింద జంటగీత గీసేవాడన్న ఒక్క ముక్క మాత్రం ఆనోటా ఈనోటా వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె వెతుకుతున్నది ఆ జంటగీత కోసం. ఎవరింటికి వెళ్ళినా ముందు వంటింట్లోకి తొంగి చూస్తుందని ఆమెకు చెడ్డపేరు కూడా వచ్చింది.

ఈ ఏడాది చలికాలం చివర్లో, పోస్టాఫీసుకు వెళ్ళే సందులో, ఒక ఇంటి మెట్ల మీద ఆమెకు ఆ జంటగీత కనిపించింది.

పోస్టాఫీసుకు ఆమె రోజూ వెళుతుంది. పళ్ళను చిన్న చిన్న పెట్టెల్లో పెట్టి పొరుగూళ్ళ డాక్టర్లకు పంపాలి. పార్సిళ్ళ కౌంటర్లో కూర్చునే ఆమెను అందరూ పోస్టమ్మాయి అంటారు గాని వయసు నలభైకి దగ్గర. ముక్తసరి మనిషి. నియమం ప్రకారం రోజూ, "లోపల ఏముంది?" అని అడుగుతుంది. పిన్ని రోజూ, "పళ్ళు" అంటుంది. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్యా నడిచిన సంభాషణ ఇంతే.

మెట్ల మీద సామాన్లు పేరుస్తున్నది ఆ పోస్టమ్మాయే. కుర్చీలు, పరుపు, గిన్నెలు, దుప్పట్ల మూట. పైన ఒక అట్టముక్క: "కావలసినవాళ్ళు తీసుకెళ్ళవచ్చు." వాటి పక్కన వెడల్పు మూతి జాడీ ఒకటి, తేనెరంగు పూతది. మూతి కింద జంటగీత. లోపల మూడొంతుల దాకా ఎండిపోయి బిగిసిన మట్టి.

పిన్ని అక్కడే ఆగిపోయింది. చేతిలో పళ్ళ పెట్టెలున్న సంగతి మరిచిపోయి వాటిని మెట్ల మీదే పెట్టేసింది.

"ఇది... ఇది కూడా ఇచ్చేస్తున్నారా?"

"తీసుకెళ్ళండి పిన్నిగారూ" అంది పోస్టమ్మాయి, జాడీ వైపు చూడకుండా. "మా అమ్మది. పోయి రెండు నెలలైంది. చివర్లో మతి పోయింది ఆవిడకి. ఎప్పుడూ అందులో చేతులు పెట్టుకుని మట్టి పిసుకుతూ కూర్చునేది. తీసుకెళ్ళిపోండి. అది నా కంటికి కనపడకూడదు."

పిన్ని రెండు ఓదార్పు మాటలు చెప్పే ఉంటుంది. ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. ఆ క్షణంలో ఆమెకు గీతలే గీతలు కనిపించాయి. తప్పే. కానీ ఇరవై రెండేళ్ళు వెతికిన కళ్ళు కదా, వాటినేమంటాం? భర్త బస్సు వచ్చేదాకా ఆ బరువును పొట్టకు ఆనించుకుని నిలబడింది. దానికి డ్రైవరు వెనక సీటు ఇచ్చారు. పిన్ని నిలబడే ఇంటికొచ్చింది. పళ్ళ పెట్టెలు మెట్ల మీదే ఉండిపోయాయి. సాయంత్రం వెనక్కి పరుగెత్తి తెచ్చుకుంది.

ఇక ఆ మట్టి తియ్యాలి. కింద ఏడోవాడి గుర్తుంది. మీరూ నేనూ అయితే గరిటె పుచ్చుకుని గోకేస్తాం. పిన్ని కూడా ఒకప్పుడు అలాగే చేసింది. మొదట్లో దొరికిన ఒక మంచి జాడీని చెంచాతో గోకి, అడుగున ఉన్న గుర్తును సగం చెరిపేసింది. ఆ జాడీని ఇప్పటికీ ఎవరికీ చూపించదు. అప్పటినుంచి ఆమెకొక పద్ధతి ఉంది. బిగిసిన మట్టి మీద రోజుకు ఒక గ్లాసు చొప్పున నీళ్ళు పొయ్యాలి. ఒక్కసారిగా పోస్తే పాత పూత సన్నగా బీటలు కొడుతుంది. పైనుంచి కిందికి తేమ తనంతట తాను దిగాలి. పది పన్నెండు రోజులకు మట్టి ముద్ద ముద్దగా దానంతటదే ఊడి వస్తుంది. ఆత్రం పనికిరాదు. ఇలా జాడీల వాళ్ళంతా చేస్తారో లేదో గాని ఆమె చేస్తుంది.

జాడీని కిటికీ ఎదుటి గోడ దగ్గర, ఎండ దిగే అర కింద పెట్టింది. ల్యాబుకు వెళ్ళేముందు ఒక గ్లాసు నీళ్ళు. మొదటి నాలుగు రోజులూ ఆమె వేళ్ళు కుదురుగా లేవు. ల్యాబులో ఒక దవడ పన్నుకు బదులు కోరపన్ను కట్టేసింది. ఏడోవాడి గుర్తు ఏమై ఉంటుందని భర్తతో పందెం కూడా కాసింది. పక్షి అని ఆమె, చెప్పు అని ఆయన. "చెప్పు ఎవరైనా జాడీలో వేస్తారా?" అని ఆమె మండిపడితే, "అందుకే ఎవరికీ తెలియకుండా లోపల వేశాడు" అన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున, గ్లాసుతో నీళ్ళు పొయ్యబోయి ఆగిపోయింది. మట్టి మీద ఏదో ఉంది. బూజేమో అనుకుంది. వంగి చూసింది. బూజు కాదు. ల్యాబు సంచిలోంచి భూతద్దం తీసి కంటికి తగిలించుకుని మళ్ళీ వంగింది.

మట్టిని పగలగొట్టుకుని లేత మొనలు పైకొస్తున్నాయి. కింద పాలిపోయిన తెలుపు, కొసన పచ్చన. చుట్టూరా గుండ్రంగా ఏడు. నడిమధ్యన ఒకటి.

"ఏమండీ!"

ఆయన పళ్ళు తోముకునే బ్రష్షుతోనే వచ్చాడు. జాడీలోకి తొంగి చూశాడు. బ్రష్షు నోట్లోంచి తీశాడు. 

"నీ జాడీకి పళ్ళొచ్చాయోయ్" అన్నాడు.

నిజంగానే చంటిపిల్ల చిగుళ్ళలోంచి పన్ను పొడుచుకొచ్చినట్టే ఉంది. పిన్ని నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్ళలో ఆమె కొన్ని వేల పళ్ళు చేసింది. వాటిలో ఒక్కటి కూడా తనంతట తాను పైకి రాలేదు. ఎవరో నీళ్ళు పోస్తారని వీటికెవరు చెప్పారు? రెండు నెలలు, ఎముకలు కొరికే చలిలో, రాయిలాంటి మట్టిలో, ఎవరి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి? మట్టి తియ్యడానికి పోసిన నీళ్ళు అవి తాగేశాయి. ఆమె నేల మీద చతికిలబడింది. ఆ రోజు ల్యాబుకు గంట ఆలస్యంగా వెళ్ళింది.

సాయంత్రం కుంచె తడిపి ఒక మొన చుట్టూ మట్టిని కొద్దికొద్దిగా తప్పించి చూసింది. మూడు వేళ్ళ లోతున, చిన్న ఉల్లిపాయంత గడ్డ. పూలగడ్డ. మొన ఉన్న వైపు పైకి, వేళ్ళు వచ్చే వైపు కిందికి. ఇంకొకటి చూసింది. అదీ అంతే లోతు, అదీ నిటారు. ఆమె మట్టి కప్పేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పళ్ళ వరస అమర్చే మనిషికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. మట్టి పిసుక్కునే చేతులు ఇలా పెట్టవు. ఈ చేతులకు పని తెలుసు.

అప్పుడు ఆమెకు పోస్టమ్మాయి గుర్తొచ్చింది. "మట్టి పిసుకుతూ కూర్చునేది" అన్న మాట గుర్తొచ్చింది. 

ఇక్కడ పిన్ని మంచితనం గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ముందుకు పోవచ్చు గాని అబద్ధమవుతుంది. ఆమె ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోలేదు. మరునాడు కూడా తీసుకోలేదు. మొలకలు అంగుళం లేచాయి, రెండంగుళాలు లేచాయి. మధ్యాహ్నపు ఎండ పై అర దాటి, రెండో అర దాటి, జాడీ మూతిని తాకింది. ఆమె ఒక పక్క వాటిని కళ్ళార్పకుండా చూస్తూనే, ఇంకో పక్క మనసులో లెక్కలు కట్టుకుంది. పూలు పూస్తాయి, వాడిపోతాయి, ఆకులు ఎండుతాయి. అప్పుడు గడ్డలు తీసి, మట్టి తీసి, గుర్తు చూసుకోవచ్చు. ఎండాకాలందాకా ఆగితే చాలు. ఎవరికీ అన్యాయం లేదు. పోస్టమ్మాయి వద్దనుకునే కదా ఇచ్చింది. కంటికి కనపడకూడదంది కూడా.

తీసుకెళ్ళి చూపిస్తే? ఆ పిల్ల ఉంచేసుకుంటుంది. ఉంచుకోవాలి కూడా. ఏడోవాడు మళ్ళీ మట్టి కిందికి పోతాడు. ఇంకో ఇరవై రెండేళ్ళు వెతకడానికి ఆమెకు వయసు లేదు.

ఆ నాలుగు రోజులూ పోస్టాఫీసులో ఆమె పోస్టమ్మాయి ముఖం చూడలేకపోయింది. "లోపల ఏముంది?" అని ఆ పిల్ల అలవాటుగా అడిగితే, పెట్టెల వైపు చూస్తూ "పళ్ళు" అంది.

"ఏమండీ, అది మనకిచ్చేసిన వస్తువే కదా?" అని అడిగింది భర్తను, టీ ఇస్తూ.

"మనదే."

"వెనక్కిమ్మని ఎవరూ అడగలేదు కదా?"

"అడగలేదు."

"మరి?"

ఆయన టీ తాగుతూ కాసేపు జాడీ వైపు చూశాడు. "జాడీ ఇచ్చింది. నిజమే" అన్నాడు. "లోపలిది ఇవ్వలేదు. అది ఉందని ఆమెకు తెలియదు కదోయ్."

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. బస్సు నడిపేవాడు బస్సు నడుపుకోక ఇలాంటి మాటలెందుకు మాట్లాడాలి? ఆ కోపంతోనే మరునాడు పొద్దున జాడీ చుట్టూ దుప్పటి చుట్టింది. మళ్ళీ ఆయన బస్సులోనే, ఆయన వెనక సీట్లోనే. ఈసారి మూతిలోంచి పచ్చటి ఆకులు బయటికి కనిపిస్తుంటే ఎక్కినవాళ్ళంతా తొంగి తొంగి చూశారు. "పూస్తుందా అండీ?" అని ఒకావిడ అడిగింది. "పూస్తుంది" అంది పిన్ని, తనే పూయించబోతున్నట్టు. అంచు మొలకల్లో ఒకదానికి అప్పటికే ఆకుల మధ్య మొగ్గ పొట్ట ఉబ్బి ఉంది.

స్టాపు రాగానే ఆయన వెనక్కి తిరిగి మెల్లగా అడిగాడు. "ఏడోవాడిని చూడకుండానే ఇచ్చేస్తావా?"

"అడుగునే ఉన్నాడు కదా. ఎక్కడికి పోతాడు?" అంది. జాడీని మాత్రం ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

పోస్టాఫీసులో పార్సిళ్ళ కౌంటరు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. పిన్ని వరసలో నిలబడలేదు. నేరుగా వెళ్ళి జాడీని బరువులు తూచే పళ్ళెం మీద పెట్టేసింది. వెనకవాళ్ళు గొణిగారు. పోస్టమ్మాయి తలెత్తింది. దుప్పటి అంచున జంటగీత కనపడగానే ఆమె ముఖం బిగుసుకుంది.

"ఎందుకు తెచ్చారు పిన్నిగారూ? వద్దన్నాను కదా."

"తెలుసమ్మా. ఒక్కసారి లోపలికి చూడు. చూశాక కూడా వద్దంటే మళ్ళీ నోరెత్తను, తీసుకుపోతాను. ఒట్టు."

పోస్టమ్మాయి కుర్చీలోంచి సగం లేచి చూసింది. "మొక్కలు" అంది విసుగ్గా. "మట్టి కదా, ఏవో పిచ్చిమొక్కలు మొలిచాయి."

"పిచ్చిమొక్కలు వరసలో మొలుస్తాయా తల్లీ? సరిగ్గా చూడు. చుట్టూ ఏడు, మధ్యన ఒకటి. పూలగడ్డలివి. ఆకులు రాలే రోజుల్లోనే పాతిపెట్టాలి. అప్పుడు పెడితేనే ఇప్పుడు లేస్తాయి. అన్నీ ఒకే లోతున ఉన్నాయి, అన్నీ మొన పైకే ఉన్నాయి. తలకిందులుగా పెడితే వంకర తిరిగి వస్తాయి. వీటిలో ఒక్కటి కూడా వంకర రాలేదు." పిన్నికి ఊపిరి అందలేదు. ఆగి, మళ్ళీ అందుకుంది. "నేను పళ్ళు కట్టేదాన్ని. చెయ్యి పని చేసిందో ఆడుకుందో నాకు తెలుస్తుంది. మీ అమ్మ మట్టి పిసుక్కోలేదమ్మా. మొక్కలు పెట్టింది."

వరసలో ఉన్నవాళ్ళ గొణుగుడు ఆగిపోయింది.

పోస్టమ్మాయి కుర్చీ వెనక్కి నెట్టింది. కౌంటరు పక్క తలుపు తీసుకుని బయటికొచ్చింది. జాడీ ముందు నిలబడి, ఒక మొలకకూ ఇంకో మొలకకూ మధ్య చెయ్యి నిలువుగా పెట్టింది. నాలుగు వేళ్ళు పట్టాయి. పక్క సందులో పెట్టింది. నాలుగు వేళ్ళు. ఆ పక్కన, నాలుగు వేళ్ళు. అలా చుట్టూరా తిరిగి మొదటి మొలక దగ్గరికి వచ్చింది. ఎక్కడా ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"మా ఇద్దరి చేతులూ ఒకటే కొలత" అంది. "ఆవిడ చేతి తొడుగులు నాకు సరిపోయేవి."

పిన్ని జాడీ చుట్టూ ఉన్న దుప్పటిని కిందికి జార్చింది.

"నా పేరు కూడా తెలీదు ఆవిడకప్పుడు. ‘ఎవరమ్మా నువ్వు, ఎవరి కోసం వచ్చావు’ అని అడిగేది రోజూ." పోస్టమ్మాయి కళ్ళు మొలకల మీదే ఉన్నాయి. "ఒకరోజు ఆఫీసు నుంచి వెళ్ళేసరికి పెరట్లో చలిలో కూర్చునుంది. బట్టలనిండా మట్టి, జుట్టులో మట్టి. అప్పటికి ఆ వారంలో అది నాలుగోసారి. నాకు ఒళ్ళు తెలియలేదు పిన్నిగారూ. చేతి మీద కొట్టాను. చిన్నపిల్లని కొట్టినట్టు కొట్టాను. ఏడవలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, ‘ఇంకొక్కటే ఉందమ్మా’ అంది. ఏమిటి ఒక్కటని నేను అడగలేదు. లాక్కెళ్ళి చేతులు కడిగేశాను."

 కవరు చేతిలో పట్టుకున్న ఒక పెద్దాయన టోపీ తీసి పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు.

పోస్టమ్మాయి నడిమధ్యన ఉన్న మొలక మీద వేలు పెట్టింది. అది మిగతా ఏడింటికన్నా కాస్త పొట్టి. ఆలస్యంగా పెట్టిన గడ్డ ఆలస్యంగానే లేస్తుంది. పిన్ని ఆ మాట చెప్పబోయింది. చెప్పనవసరం లేకపోయింది.

"ఇదే" అంది పోస్టమ్మాయి. "ఆ ఒక్కటీ ఇదే. అంటే నేను కొట్టి లోపలికి లాక్కుపోయాక, మళ్ళీ బయటికొచ్చి పెట్టిందన్నమాట."

పిన్ని తల ఊపింది. కళ్ళు తుడుచుకోవాలని తోచక అలాగే నిలబడింది.

"పెట్టేసింది" అంది పోస్టమ్మాయి మళ్ళీ, ఈసారి వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా. "ఎనిమిదీ పెట్టేసింది మా అమ్మ."